షుగరు: మనకు తెలిసింది, మనం చేసేది

(సంఘం స్వర్ణోత్సవాల్లో భాగంగా మన బడి ఆవరణలో జరిగిన ఆరోగ్య సదస్సులో, వైద్యవృత్తిలో ఉన్న పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం కార్యదర్శి పదో తరగతిలో నా బెంచీ మీదే కూర్చునేవాడు. ఏం మాట్లాడమంటావని అడిగితే, "షుగరు గురించి చెప్పరా, మనవాళ్ళలో సగం మందికి ఆ సంఘంలో కూడా సభ్యత్వం ఉంది" అన్నాడు. సగం అన్నది వాడి లెక్క. దేశం లెక్క చెబుతాను. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవాళ్ళు 10 కోట్ల పైచిలుకు. ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది దాని గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు. ఇది ఇరవై ఏళ్ళు, ఆపైన వయసున్నవాళ్ళందరినీ కలిపిన లెక్క. మనలా యాభై దాటినవాళ్ళని మాత్రమే కూర్చోబెట్టి లెక్కేస్తే మా కార్యదర్శి మరీ అంత అన్యాయంగా మాట్లాడలేదనిపిస్తుంది.

షుగరు అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. ఇక్కడున్న చాలామందికి మాత్రల పేర్లు నాకంటే వేగంగా వస్తాయి. నేను మాట్లాడదలచుకున్నది వేరే సంగతి. ఒకే మాత్రలు, ఒకే వయసు, ఇంచుమించు ఒకే సంపాదన ఉన్న ఇద్దరిలో ఒకరికి షుగరు అదుపులో ఉంటుంది, ఇంకొకరికి ఉండదు. ఈ తేడా ఎక్కడినుంచి వస్తుంది?

ఇద్దరి గురించి చెబుతాను. ఒకాయన ఈ బడిలో నాకు రెండేళ్ళు సీనియరు. ఈ సభలోనే ఉన్నారు, చెప్పమని ఆయనే అన్నారు. బాగా చదువుకున్న మనిషి. పన్నెండేళ్ళ రిపోర్టులు ఫైలులో వరసగా పెట్టుకుంటారు, ఏ నెల ఎంత ఉందో నోటికి చెబుతారు. నాలుగేళ్ళ కిందట ఎండాకాలంలో మొక్కు తీర్చుకోడానికి గుడికి వెళ్ళి, కాలుతున్న బండల మీద చెప్పుల్లేకుండా ప్రదక్షిణలు చేశారు. కాలు బొబ్బలెక్కిన సంగతి ఆయనకు తెలియలేదు. మూడో రోజు పక్కగుడ్డ మీద మరక చూసి వాళ్ళావిడ కనిపెట్టింది. రెండు వేళ్ళు తీసెయ్యాల్సి వచ్చింది. అన్నేళ్ళలో ఆయన రక్తం ఎన్నిసార్లు పరీక్ష చేశారో లెక్కలేదు గానీ, చెప్పులు విప్పమని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. తన పాదాలకు స్పర్శ తగ్గిందని ఆయనకు తెలియదు, చెప్పినవాళ్ళూ లేరు.

రెండో మనిషి ఒక స్కూల్లో ఆయాగా చేసి రిటైరైన ఆవిడ. చదువు రాదు. పదిహేనేళ్ళుగా షుగరు. మొదట్లో ఎవరో ఓపికగా కూర్చోబెట్టి, అన్నం ఎంత తినాలో ఒక స్టీలు గిన్నెతో చూపించారట. ఆ గిన్నె ఇప్పటికీ అలాగే ఉంది. దాన్నిండా అన్నం, కంచంలో సగం కూర, తిన్నాక వీధి చివరి రావిచెట్టు దాకా నడక, రాత్రి పడుకోబోయే ముందు మనవరాలు దీపం వెలుగులో అమ్మమ్మ అరికాళ్ళు చూడడం. ఆవిడకు తెలిసింది ఇంతే. ఆవిడ కళ్ళు, కిడ్నీలు, కాళ్ళు భేషుగ్గా ఉన్నాయి.

ఇది చదువును తక్కువ చేయడానికి చెప్పడం లేదు. గురువుల ముందు నిలబడి అంత సాహసం చేయను. పరిశోధనలు కూడా ఈ మాటే వేరే రకంగా చెబుతున్నాయి. షుగరు రోగులకు తమ జబ్బును తామే చూసుకోవడం నేర్పితే ఎంత లాభమని అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ కలిపి అమెరికాలో 2002లో ఒక లెక్క తీశారు. శిక్షణ పూర్తయ్యేసరికి హెచ్‌బిఎ1సి అనే పరీక్షలో సగటున 0.76 తగ్గింది. కొన్ని మాత్రలు చేసే పనికి ఇది తీసిపోదు. అయితే, శిక్షణ ఆగిన కొద్ది నెలలకే ఆ లాభం 0.26కు పడిపోయింది. ఒక్క పాయింటు తగ్గాలంటే మొత్తం మీద దాదాపు 24 గంటలు రోగితో కూర్చోవాలని కూడా తేలింది. మన దగ్గర డాక్టరు ఒక రోగికి ఐదు నిమిషాలు ఇస్తాడనుకుందాం. మూడు నెలలకోసారి వెళితే ఏడాదికి ఇరవై నిమిషాలు. ఆ లెక్కన 24 గంటలు పూర్తయ్యేసరికి డెబ్బై ఏళ్ళు దాటుతుంది. లెక్కల మాస్టారు నవ్వుతున్నారు, కూడిక సరిగ్గానే చేసినట్టున్నాను.

అందుకే, ఆస్పత్రిలో దొరకని ఆ గంటలు ఇంట్లో వెతుక్కోవాలి.

హెచ్‌బిఎ1సి అన్నాను కదా, అది అందరికీ అర్థమయ్యేలా చెబుతాను. మన ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. రక్తంలో చక్కెర ఎంత ఎక్కువుంటే అంతగా దానికి పట్టుకుంటుంది. అందువల్ల ఈ పరీక్ష గడిచిన రెండు మూడు నెలల సగటు చెబుతుంది. పరగడుపు పరీక్ష యూనిట్ టెస్టు అయితే, ఇది హాజరుపట్టీ. ఇన్‌స్పెక్టరు గారు వస్తున్నారని తెలిసి వారం ముందు గోడలకు సున్నం వేసినట్టు, రేపు రక్తం ఇవ్వాలనగా రెండు రోజులు అన్నం మానేసేవాళ్ళు మనలో ఉన్నారు. మొహాలు చూస్తుంటేనే తెలుస్తోంది. హాజరుపట్టీ దగ్గర ఆ ఎత్తు పారదు. రక్తహీనత ఉన్నవాళ్ళలో మాత్రం ఈ పరీక్ష కొంచెం తప్పు చెప్పొచ్చు, ఆ సంగతి డాక్టరుకు గుర్తు చెయ్యండి. చాలామందికి ఇది 7 లోపు ఉండాలి. వయసు మళ్ళిన మా మాస్టార్లకు, గుండెజబ్బో మరొకటో ఉన్నవాళ్ళకు అంత బిగించక్కర్లేదు. 8 దగ్గరున్నా ఫర్వాలేదని డాక్టరు అంటే, ఆయన అశ్రద్ధ చేస్తున్నాడని అనుకోకండి. పెద్ద వయసులో షుగరు పడిపోయి బాత్రూంలో కింద పడడం, కాస్త ఎక్కువుండడం కంటే ప్రమాదం.

7 అనే అంకె గాలిలోంచి రాలేదు. ఇంగ్లండులో 1977లో మొదలై ఇరవై ఏళ్ళు నడిచిన యూకేపీడీఎస్ అధ్యయనంలో, కొత్తగా షుగరు బయటపడిన ఐదు వేల మందికి పైగా పాల్గొన్నారు. హెచ్‌బిఎ1సి సగటున 7 దగ్గర ఉంచుకున్నవాళ్ళకూ, 7.9 దగ్గర ఉన్నవాళ్ళకూ తేడా చూస్తే, కళ్ళు, కిడ్నీలు లాంటి చోట్ల చిన్న రక్తనాళాలకు వచ్చే చేటు నాలుగో వంతు తగ్గింది. ఇంకో విశేషం. అధ్యయనం ముగిసిన ఏడాదికల్లా రెండు గుంపులవాళ్ళ షుగరూ సమానమైపోయింది. అయినా పదేళ్ళ తర్వాత చూస్తే, మొదట్లో అదుపులో ఉంచుకున్నవాళ్ళకే మేలు మిగిలి ఉంది. కాబట్టి నిన్నగాక మొన్న షుగరు బయటపడిన తమ్ముళ్ళు, "ఇప్పుడే కదా వచ్చింది, చూద్దాంలే" అనకండి. మొదటి ఐదారేళ్ళే ఖరీదైనవి.

ఇక అన్నం. గోదావరి నీళ్ళు తాగి పెరిగినవాళ్ళం, అన్నం మానెయ్యమని నేను చెప్పను, చెప్పినా మీరు వినరు. 21 దేశాల్లో జరిగిన ప్యూర్ అధ్యయనం 2020లో ఒక సంగతి చెప్పింది. రోజుకు 450 గ్రాములు, అంతకుమించి తెల్లన్నం తినేవాళ్ళకు, 150 గ్రాముల లోపు తినేవాళ్ళకంటే షుగరు వచ్చే ముప్పు ఎక్కువ. అన్ని దేశాలూ కలిపితే అది 20 శాతం, దక్షిణాసియాలో మాత్రం 61 శాతం. 450 గ్రాములంటే వండిన అన్నం. మన ఇళ్ళలో మధ్యాహ్నం ఒక్క పూటే పప్పుతో ఒకసారి, పులుసుతో ఒకసారి, పెరుగుతో ఒకసారి కలిపితే ఆ 450 అక్కడే అయిపోతుంది. రాత్రి భోజనం బోనస్సు.

ఇక్కడే మన తెలివి అడ్డదారి పడుతుంది. "అన్నం మానేశానండీ, చపాతీలే" అంటారు. ఎన్ని అంటే, ఐదు. ఒక్కో చపాతీకి ముప్పై గ్రాముల పిండి పడితే సుమారు ఇరవై గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. ఐదు తింటే వంద. వంద గ్రాముల అన్నంలో ఉండేది ఇరవై ఎనిమిది. అంటే ఆయన 350 గ్రాముల అన్నాన్ని గుండ్రంగా చేసి తిన్నాడు. రాగులు మంచివే, కానీ మెత్తటి పిండితో కాచిన జావ గ్లాసుడు తాగితే షుగరు గబగబా ఎక్కుతుంది. బెల్లం, తేనె కూడా రక్తంలోకి వెళ్ళాక పంచదార చేసే పనే చేస్తాయి. షుగర్ ఫ్రీ అని రాసిన బిస్కెట్లలో మైదా ఫ్రీ అని ఎక్కడా రాయలేదు. మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో వారానికి రెండు చిట్కాలు వస్తుంటాయి, మెంతులు, కాకరరసం, పొడపత్రి. కాకరకాయ కూరగా తినండి, చక్కటి కూర. దాన్ని నమ్ముకుని మాత్ర మానేస్తే మాత్రం నాకు పని పెరుగుతుంది.

మరి ఏం చెయ్యాలి? సైన్సు మాస్టారు మనకు నేర్పిన పనే. ప్రయోగం చెయ్యండి. ఇంట్లో గ్లూకోమీటరు ఉన్నవాళ్ళు పరగడుపున చూసుకుని, అంకె చూసి దిగులుపడి, దాన్ని పెట్టెలో పెట్టేస్తారు. ఆ అంకె మీకేమీ నేర్పదు. భోజనానికి ముందు ఒకసారి, మొదటి ముద్ద తిన్న రెండు గంటలకు ఒకసారి చూడండి. ఒక రోజు మామూలుగా తినండి. ఇంకో రోజు అదే కూర, అదే పప్పు రెట్టింపు పెట్టుకుని అన్నం సగం చెయ్యండి. మరో రోజు ముందు కూరముక్కలూ పప్పూ ఉత్తవే తిని, చివర్లో అన్నం తినండి. రెండంకెలూ పక్కపక్కన రాయండి. రెండు గంటల అంకె 180 దాటకుండా ఏ భోజనం ఉంచుతోందో మీ ఒంట్లోనే తేలుతుంది. ఒకరికి ఇడ్లీ పడదు, ఇంకొకరికి ఉప్మా పడదు. స్ట్రిప్పులకు డబ్బవుతుంది కాబట్టి వారానికి రెండు జతలు చాలు. ఆర్నెల్లు ఈ పని చేసినవాళ్ళు ఆహారం గురించి నన్ను ప్రశ్నలడగడం మానేశారు. నాకే చెబుతున్నారు. చక్కెరకేళి అరటిపండు సగం తినొచ్చని, దాన్ని భోజనం వెంటనే కాకుండా సాయంత్రం నాలుగింటికి తింటే తనకు నయంగా ఉందని ఒక పోస్టుమాస్టరు గారు నాకు కాగితం మీద గీత గీసి చూపించారు.

నడక గురించి చాలా విని ఉంటారు. ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను. న్యూజిలాండులో 2016లో చేసిన ఒక చిన్న అధ్యయనంలో 41 మంది షుగరు రోగులను, రోజులో ఎప్పుడో ఒకసారి అరగంట నడవడానికి బదులు మూడు భోజనాల తర్వాత పదేసి నిమిషాలు నడవమన్నారు. తిన్నాక పెరిగే షుగరు 12 శాతం తగ్గింది, రాత్రి భోజనం తర్వాతయితే 22 శాతం. తెల్లవారుజామున లేవలేమని, బూట్లు లేవని అనేవాళ్ళకు ఇది దారి. భోజనం చేసి టీవీ ముందు కూలబడే బదులు వీధి చివరిదాకా వెళ్ళి రావడమే. మన పెద్దవాళ్ళు అన్నం తిన్నాక వంద అడుగులు వెయ్యమనేవారు, గుర్తుంది కదా.

ఇక ఆడవాళ్ళ షుగరు గురించి కొంచెం ఎక్కువ సేపు మాట్లాడతాను, ఈ సంగతి ఎవరూ మాట్లాడరు కాబట్టి. మగాయనకు షుగరు వస్తే ఇల్లంతా మారుతుంది. ఆయనకు వేరే కూర, వేరే టిఫిను, వేళకు మాత్ర, వేళకు మజ్జిగ. ఆవిడకు షుగరు వస్తే ఏదీ మారదు. ఎనిమిదింటికి మాత్ర వేసుకుని, అందరికీ బాక్సులు కట్టి, పూజ చేసుకుని, పదకొండింటికి టిఫిను. పదకొండింటికైనా, మిగిలితేనే. మధ్యాహ్నం మూడింటికి భోజనం. మిగిలిన అన్నం పారెయ్యడం ఇష్టంలేక ఇంకో నాలుగు ముద్దలు. కార్తీకమాసం, శనివారాలు, ఏకాదశులు, ఉపవాసాలన్నీ ఆవిడవే, మాత్రలు మాత్రం యథాప్రకారం. గ్లిమెపిరైడు లాంటి మాత్ర వేసుకుని తిండి ఆలస్యమైతే షుగరు పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం. "నీరసం, బి.పి. ఏమో" అని పడుకుంటుంది. ఆ నీరసానికి భయపడి, మాత్ర పడటం లేదని తనంతట తనే మానేస్తుంది. ఆర్నెల్లకు 300తో నా దగ్గరికి వస్తుంది, అదీ మనవడికి జ్వరమని వచ్చి, పనిలో పనిగా. ఆవిడకు తెలియక కాదు, అన్నీ తెలుసు. ఆ ఇంట్లో వేళలు ఆవిడ చేతిలో లేవు. అన్నయ్యలూ, బావగార్లూ, మీరు ఒక్క పని చెయ్యండి. పొద్దున్న మీ కంచం కంటే ముందు ఆవిడ కంచం పెట్టండి. చెల్లెళ్ళూ, ఉపవాసం ఉండదలిస్తే వారం ముందు డాక్టరుకు చెప్పండి. ఏ మాత్ర తగ్గించాలో, ఏది ఆపాలో చెబుతారు. రంజాన్ ఉపవాసాలుండే మన మిత్రులకూ ఇదే మాట.

షుగరు 70 కంటే తగ్గితే మూడు టీస్పూన్ల పంచదార నీళ్ళలో కలిపి తాగాలి, పావుగంట ఆగి మళ్ళీ చూడాలి, తర్వాత తిండి తినాలి. ఆ సమయంలో చాక్లెట్లు వద్దు, వాటిలోని కొవ్వు వల్ల చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది. మనిషికి స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకండి, ఆస్పత్రికి తీసుకెళ్ళండి. జేబులో పంచదార పొట్లం పెట్టుకుని తిరిగే షుగరు రోగిని చూసి నవ్వకండి, ఆయన జాగ్రత్తపరుడు.

మందుల గురించి నేను రోజూ వినే రెండు మాటలు. ఒకటి, "మాత్రలు వాడితే కిడ్నీలు పోతాయట". కిడ్నీలను పాడుచేసేది అదుపులేని షుగరు, బి.పి. కిడ్నీ బాగా దెబ్బతిన్నాక మెట్‌ఫార్మిన్ ఆపేస్తారు. ఆపించారు కాబట్టి దానివల్లే పోయిందని జనం అనుకుంటారు. గొడుగు మడిచాక ఎండ కాసిందని, గొడుగే ఎండను ఆపిందనడం లాంటిదిది. రెండోది, "ఇన్సులిన్ అంటే ఇక ఆఖరు". ఇందాక చెప్పిన ఇంగ్లండు అధ్యయనమే, జబ్బు బయటపడేనాటికే ఇన్సులిన్ తయారుచేసే శక్తి సగానికి పడిపోయి ఉంటుందని లెక్కకట్టింది. మిగతా సగం కూడా ఏళ్ళ మీద తరుగుతుంది. బయటినుంచి ఇవ్వాల్సి రావడం మీ తప్పు కాదు, మీ డాక్టరు ఓటమీ కాదు. వాడేవాళ్ళు ఒక్కటి చూసుకోండి. సీసా మీద 40 అని ఉంటే ఎర్రమూత సిరంజి, 100 అని ఉంటే నారింజరంగు మూత సిరంజి. ఇవి తారుమారైతే మోతాదు రెండున్నర రెట్లు అటూ ఇటూ అవుతుంది. రెండూ మందుల షాపులో పక్కపక్కనే ఉంటాయి.

పిల్లల గురించి ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. నవంబరు 14న మనం బాలల దినోత్సవం చేస్తాం. అదే రోజు ప్రపంచ మధుమేహ దినం కూడా, ఇన్సులిన్ కనుక్కున్నవారిలో ఒకరైన బాంటింగ్ పుట్టినరోజది. ఈ రెండూ ఒకే రోజు పడడం యాదృచ్ఛికమే గానీ మనకు పనికొస్తుంది. షుగరు ఉన్నవాళ్ళ పిల్లలకు ముప్పు ఎక్కువ, కానీ తప్పించవచ్చు. చెన్నైలో 531 మంది మీద మూడేళ్ళు చేసి 2006లో ప్రకటించిన అధ్యయనంలో, షుగరు గుమ్మం దగ్గరున్నవాళ్ళను మామూలుగా వదిలేస్తే 55 శాతం మందికి జబ్బు వచ్చింది. తిండి, నడక మార్పించిన గుంపులో 39 శాతానికే వచ్చింది. మూడేళ్ళలో, మనలాంటి ఇడ్లీ సాంబారు మనుషుల్లోనే. డ్రిల్లు పీరియడులో లెక్కలు చెప్పకండి, అదొక్కటే నా మనవి. లెక్కల మాస్టారు ఇప్పుడు నవ్వడం లేదు.

గంట కొట్టారు, భోజనాలకు పిలుస్తున్నారు. మెనూ నేను ముందే చూశాను. పులిహోర, గుత్తివంకాయ, ముద్దపప్పు, దోసావకాయ, పెరుగు, పూతరేకులు. పూతరేకు ఒకటి తినండి, ఆ లెక్కన అన్నం ఒక గరిటె తగ్గించండి. వంకాయ కూర రెండోసారి అడగండి, వడ్డించేవాళ్ళకు చెప్పి ఉంచాను. తిన్నాక ఎనిమిదో తరగతి బి సెక్షను గదికి రండి. మా కుర్రాళ్ళు ఇద్దరు నైలాన్ దారంతో పాదాల స్పర్శ చూస్తారు, మనిషికి మూడు నిమిషాలు. ఆడవాళ్ళకు పక్కన సి సెక్షను. రిపోర్టుల ఫైళ్ళు అక్కర్లేదు. చెప్పులు, సాక్సులు విప్పి వరసలో నిలబడితే చాలు. మా సీనియరు గారు గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటానన్నారు. ఆయన్ని దాటుకుని చెప్పులు విప్పకుండా ఎవరూ లోపలికి రాలేరు.